ఆదివారం గేటు దగ్గర చెప్పిన కథ

మా అమ్మను ఫోన్ రింగ్‌టోన్ మార్చమని పిన్ని అడగడంతో మొదలైంది. ఆ రింగ్‌టోన్ 'హిప్ హిప్ హుర్రే' టైటిల్ పాట. 1998 నుంచి 2001 దాకా జీ టీవీలో వచ్చిన హిందీ సీరియల్ అది. డినోబిలి హైస్కూల్ అనే బడిలో పన్నెండో తరగతి పిల్లల కథ. బాగ్‌లింగంపల్లి సుందరయ్య పార్కులో నడక అయ్యాక ఇద్దరూ బెంచీ మీద కూర్చుని వాదించుకున్నారు. నేను ఇంటర్ సెకండియర్. ఈ వాదనలో నాకూ వాటా ఉందనిపించి రాసి పెట్టుకున్నాను.

పిన్ని: నలభై మూడేళ్ళొచ్చాయి అక్కా నీకు. పాత సీరియల్ అంటే ఇష్టం ఉండొచ్చు, ఎవరికైనా ఉంటుంది. నువ్వు దాన్ని దేవుడి గదిలో పటంలా పెట్టుకున్నావు.

అమ్మ: పటమే అనుకో. రోజూ దండం పెట్టుకుంటాను. ఎవరికి నష్టం?

పిన్ని: అది మన కథ కూడా కాదు. టై కట్టుకుని, ఇంగ్లీషు కలిపి హిందీ మాట్లాడే పిల్లలు వాళ్ళు. మనం తెలుగు మీడియం. నెలనెలా కేబుల్ వాడికి ఇవ్వడానికే నాన్న వెనకా ముందూ చూసేవాడు. అసలు బడిలో పన్నెండో తరగతి అనేది మనకెక్కడుంది? పది అయితే బడి అయిపోయినట్టే. తర్వాత నాంపల్లి ఇంటర్ బోర్డు, కాలేజీ. బడిలో పన్నెండు చదివేది కేంద్రీయ విద్యాలయం లాంటి చోట్ల పిల్లలు.

అమ్మ: మనకు లేదు కాబట్టే నాకు అది కావాలనిపించింది. 1998లో పది పాసయ్యాను. జూన్‌లో తీసుకెళ్ళి ఊరి చివర హాస్టల్లో వేశారు. పొద్దున అయిదింటికి గంట, రాత్రి పదింటి దాకా స్టడీ అవర్. వారం వారం టెస్టు. మార్కుల్ని బట్టి సెక్షన్ మార్చేవాళ్ళు. అందరూ చూస్తుండగా పుస్తకాలు మోసుకుంటూ కింది సెక్షన్‌లోకి వెళ్ళాను, ఒకసారి కాదు, మూడుసార్లు. రెండేళ్ళూ నన్ను రోల్ నంబరుతోనే పిలిచారు. దసరాకి ఇంటికొచ్చి టీవీ పెడితే, వినయ్ పాఠక్ వేసిన విన్నీ సార్ పిల్లలతో మాట్లాడుతున్నాడు. ఎంసెట్ గురించి కాదు. పదిహేడేళ్ళ పిల్లకు ర్యాంకు కాకుండా వేరే దిగులు ఉండొచ్చని, ఒక పెద్దాయన దాన్ని వింటాడని అప్పటిదాకా నాకు తెలియదే.

పిన్ని: నేనూ అదే ఇంటర్ చదివాను, 2003లో. నాకు ఏ సీరియలూ తోడు రాలేదు. ఏడ్చాను, బయటపడ్డాను, మర్చిపోయాను.

అమ్మ: మర్చిపోయావా? హాల్‌టికెట్ దొరకనట్టు ఇప్పటికీ కల వస్తుందని పోయిన నెల ఎవరు చెప్పారు? నీ టైంకి టీవీ కూడా మారిపోయింది. 2000 జూలై 3న స్టార్ ప్లస్‌లో కౌన్ బనేగా కరోడ్‌పతి, 'క్యోంకీ సాస్ భీ కభీ బహూ థీ' ఒకే రోజు మొదలయ్యాయి. ఇక సాయంత్రాలన్నీ అత్తాకోడళ్ళవే. ఆ పోటీలో బడి పిల్లల గొడవ ఎవరికి పట్టింది?

పిన్ని: సరే, పాట సంగతి. అది పాడిన కేకే గొంతు వింటే నీకు ఆ బడి గుర్తొస్తుంది. నాకు 'ఆర్య'లో ఫీల్ మై లవ్ గుర్తొస్తుంది. 2022 మే 31న ఆయన పోయినప్పుడు నేనూ బాధపడ్డాను. నువ్వు మూడు రోజులు సరిగా అన్నం తినలేదు. ఇష్టపడడం వేరు, పట్టుకు వేలాడడం వేరు అక్కా. ఈ పిల్లకు కూడా చూపించావు. పది నిమిషాల్లో ఫోన్ తీసింది.

(నిజమే. నాకు సీరియల్ నచ్చలేదు. కానీ ఫోన్ పక్కన పెట్టేసి, చూస్తున్న అమ్మ మొహాన్నే చూస్తూ కూర్చున్నాను. అది పిన్నికి తెలియదు.)

అమ్మ: దీనికి నచ్చాలని చూపించలేదు. ఎంసెట్ పేరు ఈఏపీసెట్ అయింది. గంట మాత్రం అయిదింటికే కొడుతున్నారు. వేరే రకంగా కూడా బతకొచ్చని ఒకసారి కంటితో చూస్తే చాలు.

పిన్ని: అసలు నువ్వెంత చూశావు చెప్పు. హాస్టల్లో టీవీ లేదు. దసరా, సంక్రాంతి సెలవులు, అంతేగా. మిగతాదంతా నేను చెప్పిందే. ఆదివారం నాన్న స్కూటరు మీద వచ్చి, గేటు దగ్గర చెట్టు కింద నువ్వు పులిహోర తింటుంటే నేను ఆ వారం కథ చెప్పేదాన్ని. సగం వారాలు కరెంటు పోయేది. లేదంటే నాన్న వార్తలు పెట్టేవాడు. ఏమీ చూడలేదంటే నీ మొహం వాడిపోతుందని సొంతంగా అల్లి చెప్పాను. ఇన్నేళ్ళూ చెప్పడానికి నోరు రాలేదు.

(అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. చీకటి పడింది, లైట్లు వెలిగాయి.)

అమ్మ: ఏవి అల్లావు?

పిన్ని: పరీక్ష పోయిన పిల్ల ఇంటికి విన్నీ సార్ బస్సెక్కి వెళ్తాడు చూడు, అది టీవీలో రాలేదు. అది మన వీధి చివర ఆగే బస్సే. నేనే ఎక్కించాను.

అమ్మ: ఫిజిక్స్ టెస్టు పోయి, పెట్టె సర్దుకున్న వారం అది. నాన్నతో వచ్చేస్తానని చెబుదామనే గేటు దగ్గరికొచ్చాను. నువ్వు ఆ కథ సగంలో ఆపావు. మిగతాది వినాలని పెట్టె మళ్ళీ మంచం కిందికి తోశాను.

పిన్ని: మరి నీకిష్టమైంది ఆ సీరియల్ కాదు కదక్కా!

అమ్మ: రెండూనే. ఆ సీరియల్ పిల్లలు మజహర్, జాన్, రఫే, నోని లేకపోతే పన్నెండేళ్ళ పిల్లవి నువ్వు ఆ బడి ఎక్కణ్ణుంచి తెచ్చేదానివి? వాళ్ళు బడి ఇచ్చారు, నువ్వు బస్సు తెచ్చావు. రింగ్‌టోన్ మార్చను. అది సరే, విన్నీ సార్ బస్సు దిగి తలుపు కొట్టాడు. అక్కడ ఆపావు. తర్వాతి ఆదివారం నీకు జ్వరం, నాన్న ఒక్కడే వచ్చాడు. ఆ పై వారం వేరే కథ ఎత్తుకున్నావు. తలుపు ఎవరు తీశారే?

పిన్ని: ఇన్నేళ్ళయ్యాక ఏం గుర్తుంటుంది?

అమ్మ: గుర్తెందుకు, అల్లింది నువ్వేగా. ఇప్పుడు చెప్పు.

పిన్ని: వాళ్ళ చెల్లెలు తీసింది. 'అక్క డాబా మీద ఉంది సార్, పిలుస్తాను, కూర్చోండి' అంది.