చెక్ మాట 'చెర్స్త్వీ' అరువు సరుకు కాదు

చెక్ వాళ్ళు రష్యన్ మాటను అరువు తెచ్చుకుని, అర్థం తలకిందులు చేసేశారంటూ ఒక సరదా ముక్క తెగ షేర్ అవుతోంది. చెక్‌లో 'చెర్స్త్వీ' అంటే తాజా, రష్యన్‌లో 'చ్యోర్స్త్వియ్' రొట్టె అంటే ఎండిన పాత రొట్టె. ఇంతవరకు నిజమే. ఆపైన అల్లిన కథే తప్పు. పైగా ఈ మాటకు మగ, ఆడ, నపుంసకం అని మూడే రూపాలంటూ కొసరు ఒకటి.

అరువు సంగతి ముందు చూద్దాం. నలుపుకు చెక్‌లో 'చెర్నీ', రష్యన్‌లో 'చ్యోర్నియ్'. చెర్స్త్వీ, చ్యోర్స్త్వియ్ జంటలోనూ అదే తేడా. ఒకే తల్లి భాష నుంచి విడిపోయిన మాటల్లో ధ్వనులు ఇలా వరస తప్పకుండా మారతాయి. సెర్బియన్‌లోనూ దీని చుట్టం 'చ్వర్స్త్' ఉంది. దాని అర్థం గట్టి, దృఢమైన.

అసలు కీలకం ఈ 'గట్టి'లోనే ఉంది. ఈ భాషలన్నిటికీ తల్లి అయిన పాత స్లావిక్‌లోని మూలానికి గట్టి, బలమైన అనే అర్థాలుండేవి. మనమూ గట్టి రొట్టె అంటాం, గట్టి మనిషి అంటాం. మొదటిది తిట్టు, రెండోది మెప్పు! రష్యన్ మొదటి దారి పట్టింది: గట్టిపడిన రొట్టె, అక్కణ్ణుంచి రాతిగుండె మనిషి. చెక్ రెండో దారిలో వెళ్ళింది: బలమైన, చురుకైన, చివరికి తాజా. అనుమానముంటే పోలిష్ చూడండి. అక్కడ 'చెర్స్త్వి' రొట్టె అంటే ఎండిపోయిన రొట్టె, 'చెర్స్త్వి' ముసలాయన అంటే ఇంకా దిట్టంగా ఉన్న పెద్దాయన. రెండు అర్థాలూ ఒకే ఇంట్లో కాపురం ఉన్నాయి. ఇక ఎవరు ఎవరిది తలకిందులు చేసినట్టు?

మూడు రూపాల మాటకొస్తే, చెర్స్త్వీ (రొట్టె), చెర్స్త్వా (చేప), చెర్స్త్వే (పాలు) అన్నవి ప్రథమా విభక్తి ఏకవచనం మాత్రమే. చెక్‌లో విభక్తులు ఏడు. మనకు 'తాజా పాలు', 'తాజా పాలతో' రెండింట్లోనూ తాజా కదలదు. అక్కడ 'తాజా పాలతో' అనాలంటే 'స్ చెర్స్త్వీమ్ మ్లేకెమ్', విశేషణమూ మారాల్సిందే. మరింత తాజా అంటే 'చెర్స్త్వ్యెయ్షీ', అన్నిటికన్నా తాజా అంటే దానికి ముందు 'నెయ్'. మనుషుల్లాంటి ప్రాణమున్న పుంలింగ నామాలకు బహువచనంలో వేరే రూపం ఉంది. తమాషా ఏమిటంటే, అది వినడానికి అచ్చం ఏకవచనం చెర్స్త్వీ లాగే ఉంటుంది, రాతలోనే చివరి అచ్చు వేరు.