వరుస చేరకపోతే ఫైలు చెడిపోయినట్టు కాదు

చిత్తూరు మామిడి మండీల్లో తూకం లెక్కలు ఎక్కించేవాళ్ల మధ్య, తిరుపతి గాంధీ రోడ్డు దుకాణాల్లో పద్దులు చూసేవాళ్ల మధ్య ఒక వాట్సాప్ సందేశం చాలాకాలంగా చేతులు మారుతోంది. "ఎక్సెల్‌లో మధ్యలో వరుస చేరకపోతే షీటు నిండిపోయినట్టే, దానికి ఉండేవి 65,536 వరుసలే. ఇన్సర్ట్ మసకగా కనిపిస్తే లైసెన్సు అయిపోయినట్టు, సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ వేయించండి. లేదా అంతా కాపీ చేసి కొత్త ఫైలులో పెట్టుకోండి. అసలు మధ్యలో వరుస చేరిస్తే మొత్తాలు తప్పుతాయి, కిందే రాసుకోండి" అన్నది దాని సారాంశం. ప్రతి మాటలోనూ కొంత నిజం ఉంది కాబట్టే జనం నమ్ముతున్నారు. కానీ దీన్ని పాటించినవాళ్లు తోతాపురి కోతలు ముమ్మరంగా సాగే రోజుల్లో బాగున్న ఫైలును వదిలేసి, తూకం చీట్లన్నీ మొదటి నుంచి ఎక్కించుకోవలసి వస్తుంది. ఆ అంకెలను బట్టే రైతుకు డబ్బు ముడుతుంది కనుక దీనికి వివరంగా జవాబు చెప్పడం అవసరం.

65,536 అన్నది పాత ఎక్సెల్ హద్దు. 2007 నాటి ఎక్సెల్ నుంచి ఒక షీటులో 10,48,576 వరుసలు ఉన్నాయి. పాత ఎక్స్‌ఎల్‌ఎస్ రకం ఫైలును కొత్త ఎక్సెల్‌లో తెరిస్తే మాత్రం పాత హద్దే వర్తిస్తుంది. పైన ఫైలు పేరు పక్కన కంపాటిబిలిటీ మోడ్ అని కనిపిస్తే సేవ్ యాజ్ ద్వారా ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్ రకంగా భద్రపరచి, మూసి, మళ్లీ తెరవాలి.

మరి మూడు నాలుగు వందల వరుసలే ఉన్న షీటు కూడా ఎందుకు మొరాయిస్తుంది? ఖాళీగా లేని గడులు షీటు చివరి నుంచి బయటికి పోతాయి కాబట్టి కొత్తవి చేర్చలేనని ఎక్సెల్ చెప్పే కారణాన్ని చాలామంది చదవకుండానే మూసేస్తారు. ఉదాహరణకు డి నిలువు వరుసలో టన్నులు, ఇ లో ధర, ఎఫ్ లో మొత్తం ఉన్నాయనుకుందాం. టన్నులు రాయనప్పుడు గడి ఖాళీగా కనిపించేలా సూత్రం (ఫార్ములా) రాసి, దాన్ని ఎఫ్ అంతటా అతికిస్తే ఆ సూత్రం 10,48,576వ వరుస దాకా చేరుతుంది. కంటికి ఏమీ కనిపించదు గానీ ఆఖరి గడిలోనూ సూత్రం ఉంటుంది. పైన ఒక వరుస చేర్చితే ఆ ఆఖరిది షీటు దాటిపోవాలి కనుక, ఉన్నదాన్ని పోగొట్టకుండా ఎక్సెల్ ఆగిపోతుంది. ఇది లోపం కాదు, మన లెక్కకు రక్షణ.

కంట్రోల్, ఎండ్ కలిపి నొక్కితే ఎక్సెల్ దృష్టిలో చివరి గడి ఎక్కడుందో తెలుస్తుంది. ముందుగా ఫైలుకు ఒక నకలు తీసి పెట్టుకోండి. అసలు లెక్క ముగిసిన చోటుకు కింది వరుస నంబరు మీద నొక్కి, కంట్రోల్, షిఫ్ట్, కింది బాణం కలిపి నొక్కి, కుడి క్లిక్‌లో డిలీట్ ఎంచుకుని సేవ్ చేయండి. కీబోర్డు మీది డిలీట్ కీ ఇక్కడ చాలదు, ఎందుకంటే అది విలువలను, సూత్రాలను తుడుస్తుంది గానీ గీతలను, రంగులను అలాగే ఉంచుతుంది.

ఇన్సర్ట్ మసకబారడం గురించిన మాటకు వస్తే, లైసెన్సు ముగిసినప్పుడు మీటలు దాదాపు అన్నీ మసకబారి, షీటులో రాయడానికే వీలుండదు. మామూలుగా రాయగలుగుతూ ఇన్సర్ట్ ఒక్కటే మూసుకుపోతే ముందు షీటు రక్షణను అనుమానించాలి. పైన రివ్యూ ట్యాబ్‌లో అన్‌ప్రొటెక్ట్ షీట్ కనిపిస్తే తాళం పడినట్టే. పాస్‌వర్డు పెట్టిన యజమానినే అడగాలి. రక్షణ పెట్టేటప్పుడు ఇన్సర్ట్ రోస్ దగ్గర టిక్కు పెడితే తాళం ఉంచుతూనే వరుసలు చేర్చుకోనివ్వవచ్చని కూడా ఆయనకు చెప్పాలి. సాఫ్ట్‌వేర్ మళ్లీ వేయించినా ఫైలులోని తాళం పోదు.

అంతా కాపీ చేయమన్న సలహా మరింత నష్టం చేస్తుంది. షీటు మొత్తాన్ని ఎంచి కాపీ చేస్తే కనిపించని ఆ సూత్రాలు కూడా వెంట వస్తాయి. లెక్క ఉన్న భాగాన్నే తీసుకెళ్లినా, రైతువారీ చెల్లింపుల షీటులోని సూత్రాలు పాత షీటునే చూస్తుంటాయి. కొత్తచోట అంకె మార్చినా చెల్లింపుల షీటులో మారదు.

మొత్తాలు తప్పుతాయన్న భయాన్ని మాత్రం కొట్టిపారేయలేము. సమ్ సూత్రం ఎఫ్2 నుంచి ఎఫ్50 దాకా కూడుతుంటే, 20వ వరుస దగ్గర చేర్చినది దానంతటదే లెక్కలోకి వచ్చి హద్దు ఎఫ్51 అవుతుంది. 2వ వరుసకు పైన చేర్చినది లెక్కలోకి రాదు. మొత్తం ఉన్న వరుసకు సరిగ్గా పైన చేర్చినది ప్రతిసారీ వస్తుందన్న భరోసా లేదు. అందుకే మొత్తం ఉన్న వరుసకు పైన ఒక ఖాళీ వరుసను సమ్ హద్దులోనే ఉంచి, కొత్తవి దానికి పైన చేర్చాలి. కొత్త వరుసలో ఎఫ్ గడికి సూత్రం రాకపోతే, అక్కడ నిలబడి కంట్రోల్, డి కలిపి నొక్కితే పై గడిలోది దిగుతుంది.