చావుల లెక్క అడిగేవాళ్లని ముందు బతికించుకుందాం

2021 మే 10 రాత్రి తిరుపతి రుయా ఆస్పత్రిలో ఆక్సిజన్ ప్రెజర్ పడిపోయి, అధికారిక లెక్క ప్రకారమే 11 మంది చనిపోయారు. శ్రీపెరంబుదూరు నుంచి రావాల్సిన ట్యాంకర్ టైముకి రాలేదు. జులై 20న కేంద్రం రాజ్యసభలో, ఆక్సిజన్ కొరతతో ఎవరూ పోయినట్టు రాష్ట్రాలు ప్రత్యేకంగా చెప్పలేదంది. మూడు వారాలు తిరిగేసరికి, ఆ రాత్రి కొందరు ప్రెజర్ తగ్గడం వల్లే పోయారని ఆంధ్రప్రదేశ్ తెలిపిందని అదే కేంద్రం చెప్పాల్సి వచ్చింది. ఎందుకు ఒప్పుకున్నారంటే, నా మట్టుకు కారణం ఒక్కటే. ఊపిరాడని మనుషులకి ఇంటివాళ్లు గాలి విసురుతున్న వీడియోలు అప్పటికే రాష్ట్రమంతా చూసేసింది, ఇక దాచడానికేం మిగల్లేదు.

వీడియో లేని చావుల సంగతేంటి?

2021 మేలో ఏపీలో నమోదైన మరణాలు దాదాపు 1.3 లక్షలు, మామూలుగా ఆ నెలలో 30 వేలు కూడా దాటవు. ఈ తేడాని బయటపెట్టింది రిజిస్ట్రేషన్ డేటా తవ్వి తీసిన జర్నలిస్టులే. దేశమంతటి 2021 లెక్క బయటికి రావడానికి 2025 మే దాకా పట్టింది: 1.02 కోట్ల మరణాలు, అంతకుముందు ఏడాది కంటే 20 లక్షలకి పైగా ఎక్కువ. తెలంగాణలో 2022 జనవరి నాటికి కొవిడ్ చావులు నాలుగు వేలలోపేనని చెప్పారు, చనిపోయినవాళ్ల కుటుంబాలకిచ్చే 50 వేల పరిహారం కోసం వచ్చిన దరఖాస్తులేమో 29 వేల దాకా ఉన్నాయి.

మా బాబాయి కూడా ఆ లెక్కల్లో లేని మనిషే. సీటీ స్కాన్ కవర్ మీద కొరాడ్స్-5, అంటే కొవిడ్ లక్షణాలు గట్టిగా కనిపిస్తున్నాయని, స్కెచ్ పెన్నుతో రాసి ఉంది, టెస్టు మాత్రం నెగెటివ్. సర్టిఫికెట్ మీద గుండెపోటు అని రాశారు. పిన్ని ఆ కవర్ పట్టుకుని ఆఫీసుల చుట్టూ ఎన్నిసార్లు తిరిగిందో నాకు తెలుసు.

ఆ పరిహారమైనా ఎవరూ దయతలచి ఇచ్చింది కాదు. కొందరు సుప్రీంకోర్టుకి వెళ్తే 2021 జూన్ 30న తీర్పు వచ్చింది. ఏపీలో చెల్లింపులు నత్తనడక నడుస్తుంటే 2022 జనవరిలో కోర్టు చీఫ్ సెక్రటరీనే పిలిపించింది. విపత్తు నిధి నుంచి పక్కకి మళ్లిన 1,100 కోట్లు వెనక్కి కట్టమన్నదీ, ఒకరు పిటిషన్ వేశాకే. బ్రిటన్‌లో కూడా ఆప్తుల్ని పోగొట్టుకున్నవాళ్లు సంఘం కట్టి పట్టుబట్టబట్టే బహిరంగ విచారణ మొదలైంది. మన రెండు రాష్ట్రాల్లో అలాంటి విచారణ ఊసే లేదు.

సంక్షోభంలో తప్పులు వెతికితే జనం భయపడతారు, డాక్టర్ల మనోబలం దెబ్బతింటుంది, అయినా అయిపోయిందాన్ని ఇప్పుడెందుకు తవ్వడం అనేవాళ్లున్నారు. పుకార్లు నిజంగానే ప్రాణాలు తీశాయి, కాదనను. కానీ మాస్కులు లేవని 2020 ఏప్రిల్‌లో నోరువిప్పింది నర్సీపట్నం డాక్టర్ సుధాకర్. ఆయన్ని సస్పెండ్ చేశారు, తర్వాతి నెల విశాఖ రోడ్డు మీద చేతులు వెనక్కి కట్టేశారు. మనోబలం దెబ్బతీసింది ప్రశ్న అడిగినవాళ్లా?

నాకు అసలు టెన్షన్ రేపటి గురించి. ఇంకో జబ్బు వస్తే లెక్క రాసేదెవరు? మన పత్రికలు ఊరూరికీ వెళ్లగలిగింది మండలం కంట్రిబ్యూటర్ల వల్ల. జీతం ఉండదు, లైన్ అకౌంట్ కింద, అంటే అచ్చయిన లైన్ల లెక్కన, వచ్చేది పెట్రోలుకి కూడా చాలదు, పైగా యాడ్స్ టార్గెట్ కూడా వాళ్ల నెత్తినే. ఆ యాడ్స్ ఇచ్చేది లోకల్ ఆస్పత్రి, లోకల్ నాయకుడు. ఇంక ఆ ఆస్పత్రి మీద వార్త ఎలా రాస్తాడు? స్వచ్ఛంద సంస్థల సంగతి చూస్తే, సరిగ్గా కొవిడ్ మధ్యలో, 2020 సెప్టెంబర్‌లో, పెద్ద సంస్థలు విదేశీ విరాళాన్ని ఊళ్లలో పనిచేసే చిన్న సంస్థలకి ఇవ్వకుండా చట్టం మార్చారు. సమాచార హక్కు కింద అడుగుదామంటే, తెలంగాణలో 2023 ఫిబ్రవరి నుంచి 2025 మే దాకా, రెండేళ్లకి పైగా, ఒక్క సమాచార కమిషనరూ లేకుండా పోయాడు.

కాబట్టి డబ్బు మన జేబులోంచే రావాలి. నెలకి బిర్యానీ ఖర్చంత మీరు నమ్మే వార్తా సంస్థకి చందా కట్టండి. కేసు పడిన విలేకరికి లాయర్ ఫీజు కట్టే నిధి ప్రతి జిల్లాలో ప్రెస్‌క్లబ్, బార్ అసోసియేషన్ కలిసి పెట్టాలి. ఎన్నారై సంఘాలు అప్పట్లో కాన్సంట్రేటర్లు పంపాయి, మంచి పనే. విదేశీ విరాళాల చట్టం అడ్డు రాకుండా, భారత పౌరసత్వం వదులుకోని సభ్యులు ఇప్పుడు ఆ ఖర్చులో కొంత ఈ పనికి పెట్టమని అడుగుతున్నాను.

మా మండలంలో ఒక కంట్రిబ్యూటర్ ఆ మే నెలంతా రోజూ సాయంత్రం శ్మశానానికి వెళ్లి, కాటికాపరిని అడిగి, స్కూల్ నోట్‌బుక్‌లో పేర్లు రాసుకున్నాడు. వార్త పంపితే అచ్చుకాలేదు. ఇప్పుడు రియల్ ఎస్టేట్ ఆఫీసులో పనిచేస్తున్నాడు. మొన్న కలిసినప్పుడు ఆ నోట్‌బుక్ తీసి చూపించాడు, మా బాబాయి పేరు పదకొండో పేజీలో ఉంది.