మతాల కాటాకు ముద్ర వేయాలి

పొరుగువాడి మతాన్ని తూచడానికి మన ఇళ్ళలో వాడుతున్న తూకపు రాళ్ళను తూనికలు, కొలతల శాఖవారు ఇంతవరకు ఒక్కసారైనా తనిఖీ చేయకపోవడం నన్ను చాలాకాలంగా బాధిస్తున్న విషయం. టమాటాల బండివాడి అరకిలో రాయిని తిరగేసి ముద్ర ఉందా లేదా అని చూసే ప్రభుత్వం, దాదాపు రెండు వందల కోట్లమంది నమ్ముకున్న ఇస్లాము మతాన్ని టీ చల్లారేలోగా తూచి, ధర కట్టి, పక్కన పడేయగల నాబోటివాడికి ఒక లైసెన్సు కాగితమైనా ఇవ్వకపోవడం ప్రతిభను అవమానించడమే.

మా తూకం తెలియనివారి కోసం క్లుప్తంగా వివరిస్తాను. సొంత మతాన్ని తూచేటప్పుడు పళ్ళెంలో ఉపనిషత్తులు పెట్టాలి, అన్నమయ్యను పెట్టాలి, వివేకానందుణ్ణి పెట్టాలి, పైన కొసరుగా ‘సర్వే జనాః సుఖినో భవంతు’ వేయాలి. పరాయి మతాన్ని తూచేటప్పుడు మాత్రం ఆ మతంవారిలో తుపాకీ పట్టినవాడొక్కణ్ణి కూర్చోబెడితే చాలు. వాళ్ళ గురువులూ, సూఫీలూ, మధ్యాహ్నం నమాజుకు వెళ్ళొచ్చి నా స్కూటరుకు పంక్చరు వేసే వీధి చివరి మెకానిక్కూ అక్కర్లేదు. గ్రంథాలను తెరవక తప్పనప్పుడు కూడా ఒక కిటుకు ఉంది. మనుస్మృతిలో శూద్రులకు విధించిన శిక్షలను ఎవరైనా ఎత్తిచూపితే, “అది ప్రక్షిప్తమండీ, తర్వాతెవరో చేర్చింది” అని కళ్ళజోడు సవరించుకోవాలి. ఖురానులో యుద్ధం ప్రస్తావన వస్తే అది ప్రక్షిప్తం కాదు, సందర్భం కూడా అడగరాదు. అదే ఖురాను ఐదవ అధ్యాయం 32వ వాక్యంలో, అన్యాయంగా ఒక్కరిని చంపినా మానవజాతినంతా చంపినట్టేనని ఉందని ఎవరైనా గుర్తుచేస్తే, అప్పుడు మాత్రం సందర్భం తప్పక అడగాలి.

ఈ విద్య ఒక్క మతం సొత్తు కాదని ఒప్పుకోవడం నా ధర్మం. 1948 జనవరి 30న గాంధీని కాల్చినవాడు, 1999 జనవరిలో ఒడిశాలోని మనోహర్‌పూర్‌లో క్రైస్తవ మిషనరీ గ్రాహం స్టెయిన్స్‌నూ ఆయన ఇద్దరు చిన్నపిల్లలనూ బండిలో నిద్రపోతుండగా కాల్చి బూడిద చేసినవారు ‘అసలైన హిందువులే కారు’ అని నేనెంత సులువుగా తేల్చానో, 2014 డిసెంబరులో పెషావర్ బడిలో వందమందికి పైగా పిల్లలను చంపినవారు ‘అసలు ముసల్మానులే కారు’ అని నా మిత్రుడొకడు అంతే సులువుగా తేల్చాడు. 1992 డిసెంబరు 6న అయోధ్యలో మసీదు గుమ్మటాలెక్కినవారిని మాత్రం హిందువులందరి ప్రతినిధులుగా తన చిట్టాలో రాసుకున్నాడు. నార్వేలో 2011 జులైలో 77 మందిని చంపినవాణ్ణి క్రైస్తవ మిత్రులూ, 1959లో సిలోను ప్రధాని బండారనాయకెను కాల్చిన భిక్షువును బౌద్ధాభిమానులూ ఇదే పద్ధతిలో ఖాతాలోంచి కొట్టేస్తారు. సర్వమత సమానత్వం మచ్చుకైనా లేదని వాపోయేవారు ఒక్కసారి ఇటు చూడరు.

“వాళ్ళలో మంచివాళ్ళే ఉంటే ఎందుకు ఖండించరు?” అన్నది మా దుకాణంలో అన్నిటికన్నా ఎక్కువగా చెల్లుబాటయ్యే ప్రశ్న. జవాబు వినకపోవడంలోనే దాని బలమంతా ఉంది. 2008 ఫిబ్రవరిలో, పేరున్న ఇస్లామిక్ విద్యాకేంద్రమైన దేవ్‌బంద్‌లో మౌల్వీలు వేల సంఖ్యలో చేరి ఉగ్రవాదం ఇస్లాముకు విరుద్ధమని ప్రకటించారు. ఆ ఏడాది నవంబరులో ముంబయిపై దాడికి వచ్చి చచ్చిన తొమ్మిదిమందికి తమ ఖబరస్తానులో చోటు ఇచ్చేది లేదని అక్కడి ముస్లిం ట్రస్టు తెగేసి చెప్పింది. శవాలు ఏడాదికి పైగా ఆసుపత్రి మార్చురీలోనే ఉండిపోయాయి. చచ్చినవాడికి గోరీ నిరాకరించడాన్ని మించిన ఖండన నాకు తట్టలేదు గానీ, అదంతా నటనేమోనన్న అనుమానం ఉండనే ఉంది. స్టెయిన్స్ కుటుంబం సంగతిలో నన్నెవరూ ఖండించమని అడగలేదు. అడిగి ఉంటే, నాకూ ఆ ఊరికీ ఏమిటయ్యా సంబంధమని ఎంత మండిపడి ఉండేవాడినో తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు వేడెక్కుతుంది.

ఈ తూకాన్ని విదేశాల్లో మనకన్నా చురుగ్గా వాడేవారున్నారు. న్యూయార్క్ జంట భవనాలు కూలిన నాలుగో రోజున, 2001 సెప్టెంబరు 15న, ఆరిజోనాలోని మెసాలో తన పెట్రోలు బంకు ముందు పూలమొక్కలు చూసుకుంటున్న ఒక సిక్కును ఒకడు తలపాగా చూసి కాల్చేశాడు. 2017 ఫిబ్రవరి 22న కాన్సస్‌లోని ఒలేతాలో, పని ముగించుకుని బారులో కూర్చున్న ఇద్దరు తెలుగు ఇంజనీర్ల మీద మరొకడు ‘నా దేశం నుంచి పొండి’ అంటూ కాల్పులు జరిపితే, హైదరాబాదు కుర్రాడొకడు ప్రాణం పోగొట్టుకున్నాడు. కాల్చినవాడు పారిపోయి వేరే ఊరి హోటల్లో దూరి, తాను ఇద్దరు ఇరానీలను కాల్చానని చెప్పుకున్నాడు.

ఆ వార్త తెలిసిన రోజు నేను మా ఇరానీ హోటల్లో కూర్చుని, చాయ్‌లో ఉస్మానియా బిస్కట్ ముంచుతూ, “అయ్యో, మనవాళ్ళు ఇరానీలు కారని ఎవరైనా వాడికి ముందే చెప్పి ఉండవలసింది!” అని మనస్ఫూర్తిగా విలపించాను. తన తాతలు ఇరాన్‌లోని యజ్ద్ నుంచి వచ్చారని చెప్పుకునే యజమాని గల్లాపెట్టె దగ్గర్నుంచి తలెత్తి నన్నొకసారి చూసి, మళ్ళీ చిల్లర లెక్కపెట్టుకోసాగాడు. నేనన్నదాంట్లో తప్పేమిటో నాకు ఇల్లు చేరేదాకా ఆలోచించినా దొరకలేదు. వాడి పద్ధతిని నేను తప్పుపట్టలేదు కదా. ముఖాన్ని బట్టి మతాన్నీ, మతాన్ని బట్టి నేరాన్నీ నిర్ణయించడం నా నిత్యకృత్యం. సరుకును గుర్తుపట్టడంలో పొరబడ్డాడన్నదే నా బాధ. ఇందులో తేలని లెక్క ఒకటి మిగిలింది. కాల్చినవాడూ తెల్లవాడే, ఆ బారులో వాడికి అడ్డంపడి తానూ గుండు దెబ్బ తిన్న యువకుడూ తెల్లవాడే. ఇద్దరినీ ఒకే పళ్ళెంలో వేస్తే కాటా ముల్లు ఎటూ నిలవడం లేదు.

ఇటువంటి తేలని సరుకు మన దగ్గరా తక్కువేమీ లేదు. వెంకన్న దేవేరి అని చెప్పుకునే బీబీ నాంచారమ్మను తమ ఇంటి ఆడపడుచుగా తలచి ఉగాదినాడు దేవుని కడప వెంకన్న గుడికి మొక్కులు తెచ్చే ముస్లింలను, నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర చెరువులో మోకాళ్ళలోతు నిలబడి రొట్టెలు మార్చుకునే హిందువులను, ఒక్క ముస్లిం గడపైనా లేకపోయినా ఏటా పీర్లను ఎత్తుకునే పల్లెలను, హుస్సేనప్ప అని పేరు పెట్టుకుని హనుమంతుడికి ఆకుపూజ చేయించే రాయలసీమ రైతును ఏ రాయితో తూచాలో మా తాతగారు చెప్పిపోలేదు. ప్రస్తుతానికి వీళ్ళందరినీ తరుగు కింద తీసేస్తున్నాను.

ప్రభుత్వ ముద్ర పడితే ఈ ఇబ్బందులన్నీ తీరతాయన్న ఆశతో, అర్జీ రాసుకుని, రెండు రకాల రాళ్ళనూ సంచిలో వేసుకుని కిందటి వారం కార్యాలయానికి వెళ్ళాను. గుమాస్తా అర్జీని ఆసాంతం చదివి, “ఇంట్లోకి ఒక రాయి, బయటివాళ్ళకు ఒక రాయి అన్నమాట. ఎన్నాళ్ళ నుంచి వాడుతున్నారు సార్?” అని మర్యాదగా అడిగాడు. “మా తాతగారి హయాం నుంచి” అని గర్వంగా చెప్పాను. ఆయన సొరుగు లాగి జరిమానా రసీదుల పుస్తకం బయటికి తీశాడు.