అదనపు క్రోమోజోముకు జరుగుతున్న అన్యాయం

మొక్కల కణాల్లో తరతరాలుగా కాపురముంటున్న ఒక వర్గాన్ని శాస్త్రవేత్తలు చిన్నచూపు చూస్తున్నారు. మొక్కజొన్నకు అసలు క్రోమోజోములు పది జతలు. కొన్ని మొక్కల్లో వీటికి తోడు ఒకటో రెండో, ఒక్కోసారి పదికి పైగానో అదనంగా ఉంటాయి. వీటికి 1928లో శాస్త్రవేత్త రాండాల్ఫ్ ‘బి క్రోమోజోములు’ అని పేరు పెట్టారు. 1945లో మరో శాస్త్రవేత్త ఓస్టర్‌గ్రెన్ అయితే మొహమాటం లేకుండా పరాన్నజీవులనేశారు.

ఇంతకీ చేసిన నేరం? అవి లేకపోయినా మొక్క నిక్షేపంగా బతుకుతుందట. ఈ ప్రమాణమే అంతటా అమలుచేస్తే ఎన్ని కార్యాలయాల్లో ఎన్ని కుర్చీలు మిగులుతాయో విజ్ఞులు ఆలోచించాలి.

రెండో అభియోగం, చెప్పిందే చెబుతాయని. నిజమే. రై ధాన్యంలోని బి క్రోమోజోము పొడవాటి భుజం (నడుము నొక్కుకు ఒకవైపున్న పొడుగు భాగం) చివర పాడిందే పాడరా పాచిపళ్ళ దాసరీ అన్నట్టు రెండు డీఎన్ఏ వరుసలు తిరిగి తిరిగి వస్తాయి. ఒకదాని పేరు డీ1100, రెండోది ఈ3900. ఈ రెండోది ఒక్కసారి చదవాలంటేనే సుమారు 3,900 అక్షరాలు. పూర్తయిందని ఊపిరి పీల్చుకునేలోపు మళ్లీ మొదలు. డీఎన్ఏ ముక్కల్ని అతికించి చదివే కంప్యూటర్లకు ఏ ముక్క ఎక్కడిదో తేలక టెన్షన్.

కానీ ఆ వాగుడున్న చివరి భాగం తెగిపోయిందనుకోండి, బి క్రోమోజోము పప్పులు ఉడకవు. మామూలుగా కణం విభజన చెందినప్పుడు క్రోమోజోము ప్రతులు రెండూ చెరో వైపు వెళ్లాలి. రై పుప్పొడిలో మొదటి విభజనప్పుడు బి ప్రతులు మాత్రం విడిపోకుండా, రెండూ కలిసి పురుష బీజకణాలు తయారయ్యే వైపే చేరతాయి. ఆ చివరి భాగం ఉంటేనే ఈ కిటుకు పారుతుంది.

మొక్కజొన్నలో ఇదే పని రెండో విభజనలో జరుగుతుంది. పుప్పొడి రేణువులోని రెండు బీజకణాల్లో ఒకదానికి రెండు ప్రతులూ దక్కుతాయి, రెండోదానికి సున్నా. అండంతో కలిసే అవకాశం ఎక్కువగా దొరికేది బి ఉన్నదానికే. గింజలో మొలకకు తిండి సమకూర్చే భాగం మాత్రం చాలాసార్లు రెండోదాని నెత్తిన పడుతుంది.

అయితే అసలు ప్రతిభ చూడాలంటే గోధుమకు దగ్గరి చుట్టమైన ఏజిలాప్స్ స్పెల్టాయిడిస్ దగ్గరికి వెళ్లాలి. అందులో బి క్రోమోజోములు ఆకుల్లో ఉంటాయి, కంకుల్లో ఉంటాయి. వేళ్లలో ఉండవు! పిండం దశలోనే, వేరు కాబోయే కణాల నుంచి తొలగిపోతాయి. చీకట్లో మట్టి తొలిచి నీళ్లు మోసే విభాగానికి బదిలీ కాకుండా పుట్టకముందే ఏర్పాటు. కారణం ఏదైనా కానివ్వండి, ఇంత ముందుచూపు ఏ సర్వీసు నిబంధనల్లోనూ కనిపించదు.

ఒక్క ఇబ్బంది ఉంది. మరీ ఎక్కువైతే మొక్కకు గింజలు పట్టవు, అప్పుడు బి వంశం కూడా అక్కడితో సరి.

ఈ వ్యవహారంపై అసలు క్రోమోజోములు ఇంతవరకు ఏ ఫిర్యాదూ చేసినట్టు లేదు. వాటికి తీరికేది? కాండం పెంచాలి, ఆకు విప్పాలి, వేరు దించాలి. అన్నిటికీ మించి, బి గారి ప్రయాణానికి పుప్పొడి సిద్ధం చేయాలి.