సవరణ: యాక్సిల్ రేషియో లెక్కకు చక్రం తిప్పాల్సింది ఒక చుట్టు కాదు, రెండు

ట్రెయిలర్ తగిలించే ముందు యాక్సిల్ రేషియో (చక్రాలు ఒక చుట్టు తిరగడానికి ప్రొపెల్లర్ షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరగాలో చెప్పే అంకె) చూసుకోవడం గురించి పెట్టిన పోస్టులో, వెనక చక్రం ఒకటి జాకీతో లేపి, ఒక చుట్టు తిప్పి, ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్‌బాక్సు నుంచి వెనక యాక్సిల్‌కు వెళ్లే పొడవాటి కడ్డీ) ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టమన్నాను. అది తప్పు. వర్క్‌షాప్ మాన్యువళ్ల ప్రకారం, మామూలు డిఫరెన్షియల్‌లో (రెండు చక్రాలనూ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే, యాక్సిల్ మధ్యనుండే గేర్ల అమరికలో) రెండో చక్రం నేల మీద ఉంటే, లేపినదాన్ని రెండు చుట్లు తిప్పాలి. ఒక చక్రం కదలనప్పుడు రెండోది ఒక చుట్టు తిరిగితే డిఫరెన్షియల్‌ను తిప్పే పెద్ద పళ్ల చక్రం, అంటే క్రౌన్ వీల్, అర చుట్టే తిరుగుతుంది. అందుకే రేషియో 3.73 ఉన్న బండికి 1.87 దగ్గర వస్తుంది. అలా కొలిచినవాళ్లు మళ్లీ జాకీ ఎత్తక్కర్లేదు, వచ్చిన అంకెను రెట్టింపు చేసుకుంటే సరి.

అయితే రెండు చుట్లలో 3.55కీ 3.73కీ తేడా కంటికి ఆనదు. టైరు మీదా షాఫ్ట్ మీదా సుద్దతో గీత పెట్టి, చక్రాన్ని 20 చుట్లు తిప్పండి. షాఫ్ట్ ముప్ఫై అయిదున్నర తిరిగితే 3.55, ముప్ఫై ఏడుంబావు దాటితే 3.73.

గేరు న్యూట్రల్‌లో ఉండాలి, హ్యాండ్ బ్రేక్ వదలాలి. అంటే బండిని ఆపేది ఏదీ ఉండదు కాబట్టి ముందు చక్రాలకు రెండు వైపులా దిమ్మలు, యాక్సిల్ కింద స్టాండు తప్పనిసరి. జాకీ ఒక్కదాన్నే నమ్మి కిందికి దూరొద్దు.

లిమిటెడ్ స్లిప్ (రెండు చక్రాల వేగాల్లో తేడాను అడ్డుకునే రకం డిఫరెన్షియల్) ఉన్న బండిలో ఒక చక్రం నేల మీద ఉంటే రెండోది సాధారణంగా చేతికి కదలదు. రెండూ లేపి, ఒకే వైపుకు కలిపి తిప్పాలి. అప్పుడు ఒక చుట్టు లెక్కే సరైనది.

తలుపు స్టిక్కర్ మీది యాక్సిల్ కోడ్‌తో రేషియో తెలుసుకోవచ్చని ఆ పోస్టులో చెప్పినదాంట్లో మార్పు లేదు, కాకపోతే మధ్యలో గేర్లు మార్చిన బండికి అది పనికిరాదు. హౌసింగ్ (ఈ గేర్లుండే పెట్టె) మూత ఎలాగూ విప్పితే పళ్లు లెక్కపెట్టడమే నయం: క్రౌన్‌కు 41, దాన్ని తిప్పే చిన్న పళ్ల చక్రం పినియన్‌కు 11 ఉంటే 3.73.