చిన్న చేపలు, పెద్ద కోర్టు

భూమి మాదని అంటే కాగితం చూపించాలి. ఈ విషయంలో నేను పూర్తిగా ఆస్ట్రేలియా చట్టం పక్షం. పాస్‌బుక్ లేకపోతే మన బ్యాంకువాడు పంట రుణం ఇస్తాడా? 1788లో అక్కడ ఓడలు దిగిన బ్రిటిష్‌వాళ్లు ఏ కాగితం చూపించారని మాత్రం అడక్కండి. ఎవరిదీ కాని నేల అనుకున్నారు, అంతే. అలా అనుకోవడం తప్పని అక్కడి హైకోర్టు (అంటే మన సుప్రీంకోర్టు లాంటిది) 1992లో మాబో అనే ద్వీపవాసి వేసిన భూమి కేసులో ఒప్పుకుంది. రెండొందల నాలుగేళ్లు పట్టింది. మన సివిల్ దావాలు చూసిన కళ్లకు ఇదేమంత ఆలస్యం కాదు.

మరుసటి ఏడు ఆదివాసుల భూమి హక్కుకు చట్టమూ వచ్చింది. షరతు చిన్నదే. తెల్లవాళ్లు వచ్చిన నాటి ఆచారాలు నేటిదాకా తెగకుండా సాగుతున్నాయని ఆదివాసులే రుజువు చేసుకోవాలి.

ముర్రే నది ఒడ్డున ఉండే యోర్టా యోర్టా అనే ఆదివాసులు ఆ చట్టం కింద 1994లో దరఖాస్తు పెట్టారు. పెద్దలొచ్చి తాతముత్తాతల నుంచి విన్నవి చెప్పారు. 1998లో జడ్జిగారు ఆ నోటిమాటల కన్నా ఎడ్వర్డ్ కర్ రాసిపెట్టిన జ్ఞాపకాలకు ఎక్కువ విలువిచ్చారు. కర్ ఎవరంటారా? 1840లలో వాళ్ల నేలమీదే గొర్రెల మందలు దింపిన ఆసామి. కబ్జాదారుడి కన్నా నమ్మకమైన సాక్షి ఎక్కడ దొరుకుతాడు?

చేపల సంగతే చూడండి. తినేంత వరకే పడతాం, వృథా చేయడం మా పద్ధతి కాదన్నారు ఇప్పటివాళ్లు. కర్ మాత్రం వాళ్లు వలలేసి పట్టి, చిన్న చేపల్ని నీటికి గజం దూరంలో అలాగే చావనిచ్చేవారని రాశాడు. కనుక ఈ పొదుపు పాత ఆచారం కాదని తేలింది. విచారణకు ముందు నాలుగు బుట్టల చేపలు ఒడ్డున పారబోసి ఉంటే కేసు కాస్త బలపడేదేమో! లాయర్లకు ఈ ఐడియా తట్టలేదు.

తాతలూ తక్కువేం తినలేదు. 1881లో 42 మంది గవర్నరుకు అర్జీ పెట్టుకున్నారు: మా నేలంతా తీసేసుకున్నారు, వేటకు జంతువుల్లేవు, దున్నుకోవడానికి కాస్త భూమి ఇప్పించండి అని. పాత బతుకు వదిలేశారనడానికి ఆ అర్జీయే కోర్టులో సాక్ష్యమైంది. భూమి పోయిందని మొరపెట్టుకునేవాళ్లు మనవల కేసుల గురించి కూడా కాస్త ఆలోచించి రాయాలి మరి.

చరిత్ర అలల్లో హక్కు కొట్టుకుపోయిందని తీర్పు. నీళ్లు వదిలిందెవరో చట్టానికి అనవసరం. 2002లో హైకోర్టు అప్పీలు కూడా కొట్టేసింది.

2010లో అక్కడి విక్టోరియా రాష్ట్ర ప్రభుత్వం అదే నది పక్కనున్న బార్మా నేషనల్ పార్కు నిర్వహణలో చేయి కలపమని యోర్టా యోర్టా వాళ్లతో ఒప్పందం రాసుకుంది. అడవినీ నదినీ ఎలా చూసుకోవాలో వాళ్లకే బాగా తెలుసట. చేపల విషయంలో కర్ గారి రాతలు ఒకసారి తిరగేశారో లేదో.